‘హా-హా’ గోడను తెలుగులో ఏమందాం?

ఇంగ్లండులోని బాత్ నగరంలో గడిపిన ఒక మధ్యాహ్నం గురించి రాస్తున్నాను. రోమన్ల వేడినీటి స్నానశాలలు, ఇరువైపులా దుకాణాలున్న పుల్టనీ వంతెన తేలిగ్గానే తెలుగులోకి వచ్చాయి. కలం ఆగింది రాయల్ క్రెసెంట్ ముందు. 1767–1774 మధ్య కట్టిన 30 ఇళ్ల అర్ధచంద్రాకారపు వరుస అది. ఇళ్ల ముందు నివాసుల సొంత పచ్చిక, దానికి దిగువన అందరూ తిరిగే పార్కు. ఇంటి కిటికీలోంచి చూస్తే రెండూ ఒకటే పచ్చిక. పార్కులోంచి పైకి నడిస్తే మాత్రం రాతి గోడ అడ్డు తగులుతుంది!

నేలను తవ్వి, ఇంటివైపు గోడను నిట్టనిలువుగా లేపి, అవతల మట్టిని ఏటవాలుగా వదిలేస్తారు. గోడ తల ఇంటివైపు నేలతో సమానం. పశువులు ఇటు రాలేవు, చూపుకు కంచె అడ్డు రాదు. దీని పేరు ‘హా-హా’. దగ్గరికి వచ్చి ఉలిక్కిపడ్డవారి నోటి మాటే పేరైందంటారు. 1709లోనే ఒక ఫ్రెంచి రచయిత ఆ సంగతి రాశాడు. దీనికి మీరైతే ఏ మాట వాడతారు?

— కందకం ఉండగా వెతుకులాట ఎందుకండీ?

— కందకం అనగానే కోట, నీళ్లు, మొసళ్లు కళ్ల ముందు నిలుస్తాయి. అగడ్తతోనూ అదే చిక్కు.

— మా చిత్తూరు వైపు ఏనుగులు పొలాల్లో పడకుండా తవ్వించేవీ కందకాలే. నీళ్లుండవు, కోటా ఉండదు. పశువులను ఆపడానికే కదా మీ గోడ కూడా!

— నిజమే, గోతి వరకు ఆ మాట చక్కగా అతుకుతుంది. కానీ ఏనుగుల కందకం కనబడినా ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ కనబడకపోవడమే అసలు పని. అదే మధ్యాహ్నం కొండ మీద ప్రయర్ పార్క్ చూశాను. రాతి గనుల యజమాని రాల్ఫ్ అలెన్ 1734 నుంచి 1764 వరకు తీర్చిదిద్దిన తోట. ఇల్లు పైన, లోయ అడుగున చెరువు, నీటి మీద స్తంభాలతో, కప్పుతో 1755 నాటి వంతెన, ఆ వెనక బాత్ నగరం. పూలమడులకు చోటివ్వకుండా పచ్చిక వాలునూ చెట్లనూ నమ్ముకున్న తోట. ఎంత కష్టపడి చేసినా, ఎవరూ చెయ్యి పెట్టనట్టే కనిపించాలి. ఆ కాలపు తోటల అభిరుచి అది. చూపుకు అడ్డంగా కంచె నిలబడితే ఆ నాటకం రక్తి కట్టదు.

— అయితే ‘గుప్తకుడ్యం’ అనండి.

— క్షమించండి, దాని కింద లంకెబిందెలు ఉన్నట్టనిపిస్తోంది.

— ‘మాటుగోడ’?

— మాట బాగుంది, అర్థమే తిరగబడుతుంది. మాటున ఉన్నదాన్ని దాచేది మాటుగోడ. ఇది తానే దాక్కుంటుంది.

— దిగుడుబావి లాగా ‘దిగుడు గోడ’ అంటే?

— దిగుడుబావిలో మెట్లు దిగుతాం. ఇక్కడ దిగేవారెవరు? పొరపాటున ఎవరైనా దిగితే వారి నోట ‘హా-హా’ రాదు, ‘అమ్మో’ వస్తుంది.

— మూలంలోని పేరే ఉంచేయండి. హాహా, హూహూ అని మనకు గంధర్వులే ఉన్నారు!

— గంధర్వులకన్నా ముందు హాహాకారాలు గుర్తొస్తాయండీ. ‘ఇంటి ముందు హా-హా ఉంది’ అని రాస్తే పాఠకుడు పరామర్శకు బయలుదేరతాడు.

— పోనీ, ‘పల్లపు గోడ’?

— ఇది నచ్చింది. గోడ పల్లంలో ఉందనీ, పైనుంచి చూసేవారికి కనబడదనీ ఒక్క మాటలోనే తెలుస్తోంది. ‘హా-హా అని పిలిచే పల్లపు గోడ’ అని మొదటిసారి రాసి, తరువాత పల్లపు గోడ అనే అంటాను. గోతి ప్రస్తావన వచ్చిన చోట చిత్తూరువారి కందకం వాడుకుంటాను.