ట్రాక్ డే కోసం ఆర్‌సీ 390కి వెడల్పాటి టైర్లు వేయించవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను చెన్నై పోరూరులో ఉంటాను. ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డేకు (సొంత బండిని రేసు ట్రాక్‌పై నడిపే రోజు) నా కేటీఎం ఆర్‌సీ 390 బైకును తీసుకువెళ్దామనుకుంటున్నాను. టైర్లు అరిగిపోయాయి కనుక ఎలాగూ మార్చాలి. బండితో వచ్చినవి ముందు 110/70, వెనుక 150/60 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది). రెండూ 17 అంగుళాల రేడియల్ టైర్లే. వీటి బదులు 120/70, 160/60 వేయిస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: వద్దండీ, పాత కొలతలే ఉంచండి. టైరు ఎంత వెడల్పుగా కూర్చుంటుందో నిర్ణయించేది రిమ్ము. మీ ముందు రిమ్ము వెడల్పు 3 అంగుళాలు, వెనుకది 4 అంగుళాలు. రిమ్ముపై అచ్చు వేసిన అంకె చూసి నిర్ధారించుకోండి. 120/70 టైరును మూడున్నర అంగుళాల రిమ్ము కోసం తయారుచేస్తారు. దాన్ని ఇరుకు రిమ్ముపై బిగిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి, టైరు నడిభాగం పైకి పొడుచుకువస్తుంది; అప్పుడు బండిని బాగా వాల్చినా టైరు అంచు నేలకు తగలవలసినంతగా తగలదు, డబ్బు పోసి కొన్న వెడల్పు వృథా అవుతుంది. 160/60 నాలుగు అంగుళాల రిమ్ముపై కూర్చుంటుంది కానీ, దానికి సరైన వెడల్పు నాలుగున్నర. పైగా చైనుకూ టైరుకూ మధ్య ఖాళీ తగ్గుతుంది.

వెడల్పుతో పాటు ఎత్తూ మారుతుందన్నది చాలామంది పట్టించుకోరు. 120/70 వేస్తే ముందు చక్రం వ్యాసం 14 మిల్లీమీటర్లు పెరిగి, బండి ముందుభాగం 7 మిల్లీమీటర్లు లేస్తుంది; దాంతో మలుపులోకి దిగడానికి బండి బద్ధకిస్తుంది.

ప్రశ్న: అలాగైతే వెనుక మాత్రమే 140/70 వేస్తే బండి మలుపులో త్వరగా తిరుగుతుందా? మరొక మిత్రుడు అలా వేయించాడు.

జవాబు: తిరుగుతుంది. 150/60 పక్కగోడ 90 మిల్లీమీటర్లయితే 140/70ది 98, కనుక వెనుకభాగం 8 మిల్లీమీటర్లు లేచి హ్యాండిల్ చురుకవుతుంది. అయితే వేగంలో బ్రేకు పట్టేటప్పుడు నిలకడ కొంత తగ్గుతుంది, గేరింగ్ కూడా రెండున్నర శాతం పొడవవుతుంది, అంటే ఇంజిన్ అంతే తిరిగినా బండి అంత ఎక్కువ దూరం పోతుంది, ఎత్తుకునే చురుకు తగ్గుతుంది. రెండు చక్రాల వేగాలను పోల్చి చూసే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్‌కూ (వెనుక చక్రం జారకుండా చూసేది) ఈ తేడా తెలుస్తుంది. మొదటిసారి ట్రాక్ ఎక్కేవారికి నేను దీన్ని సూచించను.

పట్టు నిజంగా పెరిగేది కాంపౌండ్ వల్ల, అంటే టైరులోని రబ్బరు మిశ్రమం వల్ల. అవే కొలతల్లో మెత్తని స్పోర్ట్ రేడియల్ జత, ముందూ వెనుకా ఒకే మోడల్, కొనండి. పక్కగోడపై తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలు తప్పక చూడండి. గాలి ప్రెషర్ చల్లని టైరులో సరిచేసుకుని, సెషన్ (ట్రాక్‌పై నడిపే ఒక విడత) ముగించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి) రాగానే మళ్లీ కొలవండి. చెన్నై ఎండకు తారు కాలిపోతూ ఉంటుంది కనుక ప్రెషర్ బాగా పెరిగి ఉంటుంది. ఎంత పెరిగిందో రాసి పెట్టుకుంటే, తరువాతి సెషన్‌కు ఎంత తగ్గించాలో ట్రాక్ డే నిర్వాహకుల వద్ద ఉండే శిక్షకులు చెప్పగలరు.