ఒత్తిడికి విటమిన్ గోలీలు: లోపం ఉందో లేదో తెలియకుండా వాడవచ్చా?

దేవరకొండ టీచర్:
నేను పదో తరగతికి పాఠాలు చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా నాకు నిద్ర సరిగా ఉండదు. ఈసారి చిన్న మాటకే కోపం, సాయంత్రానికి లేవలేనంత నీరసం, కారణం లేకుండా కన్నీళ్లు కూడా తోడయ్యాయి. మెడికల్ షాపులో చెప్పుకుంటే, ‘రంది పెట్టుకోకండి మేడం, నెల రోజులు ఇవి వేసుకోండి’ అని బి కాంప్లెక్స్, జింక్, మెగ్నీషియం కలిసిన గోలీలు ఇచ్చారు. మూడు వారాలకు కొంత తేలికపడ్డాను. మా వారు మాత్రం అది గోలీల గుణం కాదు, పరీక్షలు అయిపోయిన గుణం అంటున్నారు. మా స్టాఫ్‌రూంలో చాలామంది ఇవే వాడుతున్నందున ఇక్కడ అడుగుతున్నాను. ఇవి నిజంగా మనసుకు పనిచేస్తాయా?

మిర్యాలగూడ మెడికల్:
పనిచేస్తాయని ఇన్నేళ్లుగా కౌంటర్ వెనుక నిలబడి చూసిన అనుభవంతో చెబుతున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం తక్కువై మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషికి ఓపిక, ప్రశాంతత ఎక్కడి నుంచి వస్తాయి? ఆరోగ్యవంతుల మీద జరిగిన ఎనిమిది అధ్యయనాలను కలిపి 2013లో చేసిన విశ్లేషణలో కూడా, నెల రోజులకు తగ్గకుండా విటమిన్లు, ఖనిజాలు తీసుకున్నవారిలో ఒత్తిడి, ఆందోళన కొంత తగ్గినట్టు తేలింది. టీచర్ గారూ, మీకు కలిగిన తేలిక భ్రమ అని నేను అనుకోను.

పాలమూరు ల్యాబ్:
అన్నా, ఆ 2013 విశ్లేషణలోనే దిగులు వ్యాధి (డిప్రెషన్) విషయంలో మేలు కనిపించలేదని కూడా ఉంది. ఆ సగం వదిలేస్తే పాఠకులు పొరబడతారు. తర్వాత జరిగిన పెద్ద పరీక్షలు ఆ సగాన్నే బలపరిచాయి. అమెరికాలో 50 ఏళ్లు దాటిన 18,353 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి రోజూ 2,000 యూనిట్ల విటమిన్ డి, మరో వర్గానికి అదే రూపంలో మందులేని గోలీ ఇస్తూ ఐదేళ్లకు పైగా గమనించారు. 2020లో ఫలితాలు వచ్చినప్పుడు, దిగులు వ్యాధి రావడంలో గానీ మానసిక స్థితిలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐరోపాలో సుమారు వెయ్యి మందికి ఫోలిక్ ఆమ్లం, సెలీనియం, విటమిన్ డి, ఒమేగా-3 కలిపి ఏడాదిపాటు ఇచ్చిన పరీక్ష 2019లో ఇదే మాట చెప్పింది.

అయితే లోపం ఉన్నవారి సంగతి పూర్తిగా వేరు. మెదడులో మనసు తీరును ప్రభావితం చేసే సెరటోనిన్, డోపమిన్ అనే రసాయనాలు తయారయ్యే క్రమంలో బి12, ఫోలేట్ (గోలీల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం), బి6 మూడింటికీ పాత్ర ఉంది. బి12 తగ్గితే చిరాకు, మతిమరుపు, దిగులు, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తాయి. మాంసం, గుడ్లు, పాలు లేకుండా అది సహజంగా దొరకదు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికి, గ్యాస్‌కని రోజూ పాంటోప్రజోల్ మింగేవారికి, తిన్నా సరిగా ఒంటబట్టదు. ఇక్కడే నాకు బాధ కలిగించే విషయం ఉంది. ఫోలిక్ ఆమ్లం మెండుగా, బి12 స్వల్పంగా ఉన్న గోలీ రక్తహీనతను సరిచేసి రిపోర్టును అందంగా చూపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. అలాగే జుట్టు కోసం ఎక్కువ మోతాదులో బయోటిన్ అనే విటమిన్ వాడేవారికి కొన్ని పద్ధతుల్లో చేసే థైరాయిడ్ పరీక్ష తప్పుగా వస్తుంది. థైరాయిడ్ మందగించడమే దిగులుకు కారణమైన మనిషికి ‘అంతా బాగుంది’ అని కాగితం చేతికి వస్తుందన్నమాట. అందుకే రక్తం తీసే ముందు ఏ గోలీలు వాడుతున్నారని నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను. ముందు పరీక్ష, తర్వాతే గోలీ అన్నది నా మాట.

కొల్లాపూర్ ఆశా కార్యకర్త:
సారూ, ముందు పరీక్ష అనడం పట్నంలో సులువు. మా ఊళ్లో కూలికి పోయే ఆడమనిషి పాలమూరు వచ్చి రక్తం ఇవ్వాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. పైగా పరీక్ష లేకుండా గోలీలు ఇవ్వడం తప్పయితే, బడికి పోయే పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకసారి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న గోలీ ప్రభుత్వమే ఎందుకు ఇస్తున్నది? నేను ఇంటింటికీ ఇనుము గోలీలు పంచుతాను. కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా వస్తుందని మూలకు పడేసేవారే ఎక్కువ. మానకుండా వేసుకున్నవారిలో ఒకామె, ‘నా పిల్లలను కొట్టడం తగ్గించిన అక్కా’ అన్నది. ఆ మాట నాకు ఏ రిపోర్టు కన్నా తక్కువ కాదు. జొన్న రొట్టె తిన్న వెంటనే చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి పట్టదనీ, పప్పులో నిమ్మకాయ పిండుకుంటే పడుతుందనీ కూడా చెబుతుంటాను. దానికి పైసా ఖర్చు లేదు.

పాలమూరు ల్యాబ్:
అక్కా, ఇనుము విషయంలో మీరు చెప్పింది న్యాయం. నా మాటను సవరించుకుంటున్నాను. ఊళ్లో సగానికి పైగా మందికి ఉండే లోపానికి, తూచి నిర్ణయించిన చిన్న మోతాదును అందరికీ ఇవ్వడం సరైనదే. నా అభ్యంతరం దిగులుకు మందని చెప్పి షాపులో ఇచ్చే పది రకాల మిశ్రమం మీద. అందులో బి6 ఎక్కువ మోతాదులో ఉండి నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. ఖర్చు గురించి ఒక మాట. ప్రభుత్వ ఆసుపత్రి నుంచి తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు ల్యాబులకు పంపే నమూనాలకు డబ్బు తీసుకోరు, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అందులో ఉన్నాయి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే గోలీలు మార్చుతూ కూర్చోకుండా డాక్టరును కలవాలి, లేదా 14416కు ఫోన్ చేయాలి. అది మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ టెలి మానస్ సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

దేవరకొండ టీచర్:
మీ అందరి మాటలు చదివాక ఒక సంగతి చెప్పాలనిపించింది. నేను మాంసం, గుడ్లు మానేసి పదేళ్లయింది, పాలూ అంతగా తాగను. గ్యాస్ గోలీ రోజూ పరగడుపున వేసుకుంటాను. రాత్రిళ్లు అరికాళ్లు తిమ్మిరెక్కితే నిలబడి పాఠాలు చెప్పినందుకేననుకున్నాను. పరీక్షకు వచ్చే ముందు ఈ విటమిన్ గోలీలు ఆపాలా?

పాలమూరు ల్యాబ్:
మేడం, ఆపినా బి12 విలువ వెంటనే పాత స్థితికి రాదు. కాబట్టి విటమిన్ గోలీల షీటు, గ్యాస్ గోలీ షీటు రెండూ వెంట తెచ్చి డాక్టరుకు చూపించండి. రిపోర్టులో అంకె మామూలుగా వచ్చినా తిమ్మిర్ల సంగతి దాచకుండా చెప్పండి. ఆలస్యం చేయకుండా ఈ వారమే రండి.