ముష్టి గింజల మందు, సర్పగంధి టింక్చరు: కలిపి వాడవచ్చునా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం): మా అత్తయ్యగారికి హోమియో వైద్యులు అజీర్తికి నక్స్ వామికా 30 మాత్రలు, రక్తపోటుకు సర్పగంధి మదర్ టింక్చరు ఇచ్చారు. మొదటిది మన తూర్పు కనుమల్లో పెరిగే ముష్టి గింజల మందేనని, విషమని ఇరుగుపొరుగువారు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు 1: ముష్టి గింజల్లో స్ట్రిక్నిన్ అనే తీవ్రమైన విషం ఉన్న మాట నిజమే, ఆయుర్వేదంలోనూ శుద్ధి చేయనిదే వాడరు. అయితే 30 పొటెన్సీ అంటే వందో వంతు చొప్పున ముప్పైసార్లు పలుచన చేసినది కనుక, సరిగా తయారైన మాత్రలో ఆ విషం అణువొక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. సంప్రదాయంగా అజీర్తికి, మలబద్ధకానికి ఇస్తారు గాని, గుణం కనిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

జవాబు 2: నన్ను కలవరపెడుతున్నది రెండవది. మదర్ టింక్చరు పలుచన చేయని మొక్క సారం. సర్పగంధి వేరులోని రిసర్పిన్ రక్తపోటును నిజంగానే తగ్గిస్తుంది, మనసులో దిగులునూ పెంచగలదు. ఆవిడ వేరే బీపీ మాత్రలు వాడుతున్నారా?

ప్రశ్న వేసినవారు: అవునండీ, ఆమ్లోడిపిన్ రోజూ వేసుకుంటారు.

జవాబు 2: అయితే రెండూ కలిసి రక్తపోటు మరీ పడిపోయి, కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. ఆమ్లోడిపిన్ మానవద్దు; టింక్చరు సీసాతో సహా వెంటనే ఆ మాత్రలు రాసిన డాక్టరుగారిని కలిసి, ఆయన చెప్పేవరకు టింక్చరు ఆపి ఉంచండి.