బుట్టల ఫోటోకి మాక్రో లెన్స్ కావాలా, ఫోన్ చాలా?

బుట్టలక్క, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం:
నమస్తే అండీ. ఇంట్లోనే ఉండి ఒన్ గ్రామ్ గోల్డ్ అమ్ముతుంటాను. వ్యాపారమంతా వాట్సాప్ స్టేటస్ మీదే, ఫోటోలన్నీ నా ఫోన్‌తోనే. మొన్న ఒకావిడ కెంపుల చెవి బుట్టలు వెనక్కి పంపేశారు, ఫోటోలో గులాబీ రంగు, చేతికొచ్చాక ముదురు ఎరుపు అని. ఆవిడ తప్పేం లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ అలాగే కనిపించింది. పైగా బుట్ట గుండు మీద తెల్లటి మరక, కింద వేలాడే ముత్యాలు మసక.

మా మరిది ఒకటే పోరు: "వదినా, మాక్రో లెన్స్ లేకుండా నగల ఫోటోలేంటి, ఈఎంఐలో కెమెరా తీసుకో." మా వారేమో ఆ డబ్బుతో సరుకు తెచ్చుకోమంటారు. శ్రావణ మాసం లోపు తేల్చుకోవాలి. మీరేమంటారు?

పాత కెమెరా:
మీ మరిది చెప్పినదాంట్లో సగం నిజం. కెమెరా అవును, మాక్రో లెన్స్ కాదు.

లెక్క చూడండి. మామూలు డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) లోపల ఫోటో పడే సెన్సర్ వెడల్పు దాదాపు 24 మిల్లీమీటర్లు. మాక్రో లెన్స్, అంటే చిన్న వస్తువుల్ని బాగా దగ్గరగా తీసే లెన్స్. దాని గొప్పతనం 1:1, వస్తువు ఎంతుందో సెన్సర్ మీద అంతే సైజులో పడుతుంది, అంటే 24 మిల్లీమీటర్ల వస్తువు ఫ్రేమంతా నిండిపోతుంది. మీ బుట్ట మూడు సెంటీమీటర్లు ఉంటే అందులో పట్టనే పట్టదు! కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ సాధారణంగా మూడో వంతు సైజు వరకూ తీస్తుంది. అంటే ఏడు సెంటీమీటర్ల వెడల్పు. జత బుట్టలు హాయిగా పడతాయి. ముక్కుపుడక లాంటిది తీయాలంటే లెన్స్‌కీ బాడీకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబు పెట్టుకోవచ్చు. లోపల గాజేమీ ఉండదు, ఉత్త గొట్టం, మాక్రో లెన్స్‌తో పోలిస్తే బాగా చౌక.

ఇక ముత్యాలు మసకగా రావడం. దగ్గరికి వెళ్ళేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటర్లలోకి పడిపోతుంది. కెమెరాలో అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11కి తిప్పి చిన్నది చేసి ఆ లోతు పెంచుకుంటాం. దాదాపు ఏ ఫోన్‌లోనూ అపర్చర్ మారదు. అందుకే కెమెరా అంటున్నా. సెకండ్ హ్యాండ్‌ది చాలు.

రీల్స్ తమ్ముడు:
అన్నా, చూసేవాళ్ళు చూసేదే ఆరంగుళాల ఫోన్‌లో, అదీ వాట్సాప్ కుదించి పంపిన ఫోటో. దానికి ఎఫ్/11 ఎందుకన్నా?

అక్కా, మీరు చేస్తున్న తప్పొకటే, ఫోన్‌ని నగ మీదకి తోసేస్తున్నారు. మరీ దగ్గరికెళ్తే చాలా ఫోన్లు వాటంతటవే వైడ్ లెన్స్‌లోకి మారిపోతాయి. అప్పుడు గుండు ఉబ్బినట్టు వస్తుంది, ఫోన్ నీడ నగ మీదే పడుతుంది. ఒక జానెడు దూరం వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి. దూరం పెరిగితే మసక కూడా తగ్గుతుంది. చవక ఫోన్లలో మాక్రో అని 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి ఇస్తారు చూడండి, దాని జోలికి పోవద్దు. రంగు తేడా అంటారా, ఎడిటింగ్‌లో కాస్త శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే సరి.

పాత కెమెరా:
శాచురేషన్ పెంచి కదయ్యా మన జనం రిటర్నులు తెచ్చుకునేది! బంగారం పసుపు కొమ్ములా తయారవుతుంది.

గీటురాయి:
మా నాన్నగారు కురుపాం మార్కెట్ దగ్గర పని చేసిన కంసాలి. నేను ఆ పని నేర్చుకోలేదు గానీ నగల మధ్యే పెరిగాను. ఇంతసేపూ మీరిద్దరూ కెమెరా గురించే మాట్లాడుతున్నారు. నగ గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

అక్కా, రిటర్న్ వచ్చిన బుట్టని చేతిలోకి తీసుకుని గుండుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూడండి. అందులో మీ ముఖం, మీ వేళ్ళు, మీ వెనకున్న కర్టెన్, పైన ట్యూబులైటు, అన్నీ వంకరగా కనిపిస్తాయి. మెరుగు పెట్టిన లోహం అంటే అద్దమే. మీరు ఫోటో తీస్తున్నది బుట్టని కాదు, బుట్ట చూస్తున్న మీ గదిని. ఆ తెల్ల మరక మీ ట్యూబులైటే. లక్ష రూపాయల లెన్స్ పెట్టినా ఆ మరక పోదు, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

కాబట్టి బుట్టకి మంచి గదిని చూపించండి. అట్టపెట్టె ఒకటి తీసుకుని మూడు వైపులా కిటికీల్లా కోసి ట్రేసింగ్ పేపర్ అంటించండి. అదీ కుదరకపోతే కిటికీకి ఉతికిన తెల్ల పంచె కట్టండి, రెండో వైపు థర్మోకోల్ షీటు నిలబెట్టండి. మాది తూర్పు కిటికీ, సముద్రం వైపు నుంచి ఎండ నేరుగా కొడుతుంది, పది దాటే దాకా మొదలుపెట్టం. అన్నీ తెల్లగానే ఉంటే నగ చప్పగా, అంచుల్లేకుండా వస్తుంది. నల్ల చార్టులోంచి వేలెడు వెడల్పు ముక్క కోసి ఫ్రేములో పడకుండా పక్కన నిలబెట్టండి. గుండు మీద సన్నని నల్ల గీత పడి, గుండ్రదనం అప్పుడు కనిపిస్తుంది. ఆ ముక్కని అటూ ఇటూ జరుపుతూ చూడటమే అసలు పని. నేనైతే ఒక్కో జతకి పావుగంట దానికే తగలేస్తాను, మా ఆవిడ తిడుతూనే ఉంటుంది.

కెంపు గులాబీ అయిందంటే కిటికీ వెలుగూ ఇంట్లో లైటూ కలిశాయేమో చూసుకోండి. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, పసుపు బల్బు 2700 కెల్విన్, పగటి వెలుగు 5500 దాకా. రెండూ కలిస్తే ఫోన్ ఎటూ తేల్చుకోలేదు. తీసేటప్పుడు గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. రాత్రి తీయక తప్పదంటే సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, వందకి) 90 దాటిన బల్బు వాడండి. నాసిరకం ఎల్‌ఈడీ కింద ఎరుపు రాయి చచ్చిపోయినట్టుంటుంది.

మెరుపు తీగ:
గీటురాయి గారూ, ఒక్క విషయంలో మీతో ఒప్పుకోను. మేం గాజువాకలో అమెరికన్ డైమండ్ సెట్లు అమ్ముతాం. మీరు చెప్పినట్టే పెట్టె చేశాం, రాళ్ళన్నీ పటికబెల్లం పలుకుల్లా వచ్చాయి. ఇదేం డైమండండీ అని కస్టమర్లే నవ్వారు. రాయికి మెరుపు రావాలంటే చిన్న చుక్కలాంటి వెలుగు కావాలి, మెత్తటి వెలుగు దాన్ని చంపేస్తుంది. పెట్టె కొట్టండి అని అందరికీ ఒకే మందు రాసేస్తే ఎలా?

గీటురాయి:
నిజమే, అది చెప్పడం మర్చిపోయాను. నేను చెప్పింది బంగారానికీ ముత్యానికీ. మీ రాళ్ళకి పెట్టె ఉంచి, దానితో పాటు పైనుంచి ఇంకో ఫోన్ టార్చి వేయండి. కొంచెం కొంచెం జరుపుతుంటే ఒకచోట రాళ్ళు భగ్గుమంటాయి, అక్కడ ఆపండి.

రీల్స్ తమ్ముడు:
సరే, లైటింగ్ ఒప్పుకున్నా. అంటే కెమెరా అక్కర్లేదనే కదా? నేను గెలిచినట్టే!

పాత కెమెరా:
గెలుపేంటి తమ్ముడూ, ఇదేమైనా కోడిపందెమా? నాదింకో మాట ఉంది. అసలు బంగారం అమ్మేవాళ్ళు హాల్‌మార్క్ కూడా చూపించాలిగా. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఉంగరం లోపలి వైపు లేజర్‌తో చెక్కిన ఆ అక్షరాలు ఫోన్‌లో చదివేలా తీసి చూపించు.

రీల్స్ తమ్ముడు:
తీశానన్నా. పక్కనుంచి, దాదాపు నేలబారుగా టార్చి వేస్తే అక్షరాల గాట్లలో నీడ పడింది, చదవగలిగా. పదిసార్లలో రెండుసార్లే కుదిరిందిలే. ఆ పనికి కెమెరాయే మేలు, ఒప్పుకుంటా.

బుట్టలక్క:
అందరికీ థాంక్స్ అండీ. కెమెరా కొనలేదు. అట్టపెట్టె, నాలుగు ట్రేసింగ్ షీట్లు, మా వారి పంచె. ఫోన్‌ని చేత్తో పట్టుకుంటే కదులుతోందని పచ్చడి సీసాల మధ్య నిలబెట్టి రెండు సెకన్ల టైమర్ పెట్టాను. వేలితో నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేశాను. కెంపు కెంపులాగే వచ్చింది. వెనక్కొచ్చిన ఆ బుట్టలనే మళ్ళీ తీసి పెట్టాను, సీతమ్మధార ఆవిడ అడిగారు.

ఒకటి మాత్రం బాధ. ఇన్నాళ్ళూ కనిపించని వేలిముద్రలూ దుమ్మూ ఇప్పుడు కొండంత కనిపిస్తున్నాయి. కుంకుడు రసంతో కడగనా?

గీటురాయి:
అమ్మో, ఒన్ గ్రామ్ సరుకుకి కుంకుడుకాయ వద్దు, పై పూత ఎంతుంటుంది చెప్పండి. మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, మేకప్ బ్రష్‌తో దుమ్ము దులపండి. ఆ తర్వాత అంచులు పట్టుకునే సర్దండి. నల్ల వెల్వెట్ మీద మాత్రం పెట్టకండి, ఉన్న దుమ్మంతా దానికే పడుతుంది.

బుట్టలక్క:
సరేనండీ. మరి నల్లపూసలు? తెల్ల కాగితం మీద పెడితే ఉత్త నల్ల గీతలా వస్తున్నాయి. పూసకీ పూసకీ తేడా తెలియట్లేదు.

పాత కెమెరా:
తెల్లది ఎక్కువుంటే కెమెరా మోసపోయి మొత్తం చీకటి చేస్తుంది, ఫోన్ అయినా ఇంతే. ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుతురు) ఒక మెట్టు పెంచండి. తెల్ల కాగితం తీసేసి లేత చెక్క పీట మీద పెట్టండి. ట్రేసింగ్ పేపర్‌ని ఒక పక్కకి బాగా దగ్గరగా జరపండి. ఒక్కో పూస మీద బియ్యపుగింజంత తెల్ల మెరుపు కనిపించాక క్లిక్ చేయండి.