అప్‌డేట్: ఎవరు లాగిన్ అయినా 127.0.0.1 వచ్చే సమస్య తీరింది

హన్మకొండ ఆఫీసు సర్వర్‌ల ఎంజిన్‌ఎక్స్ (రిక్వెస్టులను ముందుగా అందుకొని లోపలికి పంపే ప్రాక్సీ) వెనక నడిచే స్ప్రింగ్ బూట్ (జావా) సర్వీసుకు, యూజర్ ఐపీ చెప్పాల్సిన గెట్‌రిమోట్‌అడ్ర్ ఎప్పుడూ 127.0.0.1 (సర్వర్ సొంత అడ్రస్) ఇస్తోందని అడిగిన గదా. జవాబిచ్చిన అన్నలకు థ్యాంక్స్.

పనిచేసింది ఇది: ఎంజిన్‌ఎక్స్ లొకేషన్ బ్లాకులో రిక్వెస్ట్ ఎవరి ఐపీ నుంచి వచ్చిందో చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌కు $ప్రాక్సీ_యాడ్_ఎక్స్_ఫార్వర్డెడ్_ఫర్ పెట్టి రీలోడ్ చేయాలె. అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో సర్వర్.ఫార్వర్డ్-హెడర్స్-స్ట్రాటజీ=నేటివ్ రాసి సర్వీసు రీస్టార్ట్ చేయాలె. జావా కోడ్ ముట్టుకునే పనే లేదు. స్ప్రింగ్ బూట్ లోపల నడిచే వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లోని రిమోట్‌ఐపీవాల్వ్ ఆ హెడర్‌ను కుడి నుంచి చదువుకుంటూ, 127, 10, 192.168 లాంటి లోపలి అడ్రస్‌లను ప్రాక్సీలుగా లెక్కేసి దాటేసి, తర్వాతిది ఇస్తది.

ఆ హెడర్‌ల కామాకు ముందున్న మొదటి ఐపీ తీసుకోమన్న సలహా మాత్రం పాటించకండి. కర్ల్ అనే కమాండ్ టూల్‌తో ఎవడన్నా హెడర్‌ల 1.2.3.4 అని పంపితే లాగ్‌ల అదే పడుతది. జావాను ఐపీవీ4 అడ్రస్‌లే వాడమనే ఫ్లాగ్‌కు దీనితో సంబంధమే లేదు. ఒకే వైఫై మీదున్న వాళ్లందరికీ ఒకటే ఐపీ కనిపిస్తే అది రౌటర్ నాట్ (అందరినీ ఒకే బయటి ఐపీతో పంపడం) వల్ల, సర్వీసు తప్పు కాదు.