తలుపు వేసుకునే ఆ గంట: ఏకాంతమా, అంటీముట్టనితనమా?

వేపచెట్టు_నీడ:
మాకు పెళ్ళయి నాలుగేళ్ళు. నిజాంపేటలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే, రెండేళ్ళ పాప ఉంది. మావారు ఏడున్నరకి ఆఫీసు నుంచి వస్తారు. బ్యాగు సోఫా మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని, నేరుగా చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. మళ్ళీ ఎనిమిదిన్నరకే బయటికి రావడం. ఫోన్ మాట్లాడరు, ఏమీ చూడరు, ఊరికే పడుకుని ఫ్యాన్ వంక చూస్తుంటారు. అడిగితే "నాకు కాస్త స్పేస్ కావాలి" అంటారు. కోపిష్టి కాదు, తాగుడు లేదు, ఇంటి ఖర్చంతా కలిసే చూసుకుంటాం. నేను తెనాలిలో ఎనిమిది మంది ఉన్న ఇంట్లో పెరిగాను. అక్కడ పగటిపూట తలుపు వేశారంటే ఎవరికో ఒంట్లో బాగోలేదని లెక్క. అందుకే నేనే అతిగా ఆలోచిస్తున్నానా, లేక ఈయన నిజంగానే నాకు దూరమవుతున్నారా అన్నది తేలడం లేదు. పెళ్ళయినవాళ్ళు చెప్పండి.

లెక్కల_మాష్టారు:
అమ్మా, గంటే కదా. 31 ఏళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పాను. సాయంత్రం బడి వదిలాక కాలవ గట్టున ఒక్కణ్ణే నడిచేవాణ్ణి. రోజంతా అరవై మంది పిల్లల మధ్య అరిచినవాడికి తన గొంతు తనకే విసుగు పుడుతుంది. ఆ నడక లేకపోతే ఆ చిరాకంతా ఇంట్లోవాళ్ళ మీద పడేది. మా ఆవిడ ఏనాడూ ఎందుకని అడగలేదు. ఒక్క విషయం చెప్పండి: లోపల గడియ పెడతారా, తలుపు దగ్గరగా వేస్తారా? ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

హైదరాబాదీ_92:
గంట చాలా తక్కువండి. మా ఇంట్లో నాకు బాత్రూమ్ ఒక్కటే ఏకాంతం.

కరీంనగర్_బిడ్డ:
తలుపుతో దూరం కొలవకండి సార్. మా బాపు దుబాయ్‌లో 14 ఏళ్ళు పనిచేశాడు. మా చిన్నప్పుడు ఊళ్ళో ఫోన్ అంటే ఎస్టీడీ బూత్ ఒక్కటే, నిమిషానికి ఎంత అవుతుందోనని భయం. అందుకని బాపు క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. వెనక ఏసీ గుర్రుమని వినపడేది. "పెద్ద బర్రె ఈనిందా? అవ్వ మోకాలు ఎట్లుంది? నువ్వు ఏడో ఎక్కం చెప్పి రెండో వైపు రికార్డు చెయ్యి" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఏడు ఎనిమిదులు తప్పు చెప్తే రెండు నెలల తర్వాత వచ్చిన క్యాసెట్‌లో దిద్దేవాడు. అంత దూరంలో ఉన్నా మాకు దూరమనిపించలేదు.

ఆయన పూర్తిగా తిరిగొచ్చాకే అసలు దూరం మొదలైంది. అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. అమ్మ ఒక మాట మూడుసార్లు అడిగితే "ఊఁ" అనేవాడు. మా ఇంట్లో తలుపులన్నీ తెరిచే ఉండేవి.

లెక్కల_మాష్టారు:
మీ నాన్నగారి సంగతి వేరు బాబూ, ఆయనది వలస కష్టం. ఇక్కడ ప్రశ్న తలుపు గురించి. గడియ సంగతి ఆమె ఇంకా చెప్పలేదు.

చిన్ని_వైజాగ్:
నేను రెండో వైపు నుంచి చెప్తాను. మా ఇంట్లో స్పేస్ అడిగింది నేను. ఆదివారం పొద్దున రెండు గంటలు బీచ్ రోడ్డులో ఒక్కదాన్నే నడిచి, టిఫిన్ తిని వస్తానన్నాను. దానికి ఆయన "నీకు మా మీద మనసు లేదు" అన్నారు. తర్వాత ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టమన్నారు. పెట్టాను. ఓ రోజు సిగ్నల్ పోతే, ఇంటికి వచ్చేసరికి అత్తయ్య, మా ఆయన, మా మరిది ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. పెళ్ళికి ముందు నేను హాస్టల్లో ఒక్కదాన్నే ఉండి ఉద్యోగం చేసిన మనిషిని. నాకు ఊపిరాడలేదు.

ఒంటరిగా ఉండాలనుకున్న ప్రతివాళ్ళనీ మనసు లేనివాళ్ళ కింద జమకట్టకండి. ఆ రెండు గంటలు దొరికిన వారంలోనే నేను ఇంట్లో నవ్వుతూ ఉంటాను. మీవారికి ఆ గంట ఇవ్వండి.

రాత్రి_డ్యూటీ:
ఇవ్వమంటున్నారు సరే. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య పాపకు అన్నం ఎవరు పెడుతున్నారు?

వేపచెట్టు_నీడ:
నేనే. నేను ఆరున్నరకి వస్తాను. ఆ గంటలో కుక్కర్ పెట్టాలి, పాపకు తినిపించాలి, రేపటికి కూరగాయలు తరుక్కోవాలి. మాష్టారుగారూ, గడియ పెట్టరండి. కానీ పాపకు హ్యాండిల్ అందదు. తలుపు కింద సందులో వేళ్ళు పెట్టి "నాన్నా" అంటూ కూర్చుంటుంది.

లెక్కల_మాష్టారు:
గడియ లేదు కదా! నేను చెప్పింది అదే. మనసులో అరమరిక ఉన్నవాడు గడియ పెడతాడు. ఇది కేవలం అలసట.

రాత్రి_డ్యూటీ:
గడియ పెట్టకపోతే ఏమిటి సార్, పాపకు హ్యాండిల్ అందనప్పుడు? నేను నర్సుని. రాత్రంతా నిలబడి పొద్దున ఇంటికి వస్తే నాకూ గంట కావాలనే ఉంటుంది. నేను పడుకుంటే బాక్సులు ఎవరు కడతారు? ఒకరి ఏకాంతం ఇంకొకరి వీపు మీద నడుస్తుంటే దానికి స్పేస్ అని ముద్దుపేరు పెట్టకండి.

చిన్ని_వైజాగ్:
అది పని పంపకం గొడవ. మనసు గొడవ కాదు. రెండూ కలపొద్దు.

రాత్రి_డ్యూటీ:
మా ఇంట్లో రెండూ ఒక్కటే.

సైకాలజీ_ఎమ్మెస్సీ:
నేను ఇంకా చదువుకుంటున్నాను, ఎవరికీ జబ్బు పేరు పెట్టడం లేదు. మాకు పాఠంలో ఉన్నది చెప్తాను. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ పరిశోధకురాలు అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల మీద ఒక పరిశీలన చేశారు. తల్లి కొద్ది నిమిషాలు గదిలోంచి వెళ్ళి మళ్ళీ వస్తుంది. కొందరు పిల్లలు ఏడ్చి, తల్లి రాగానే ఎత్తుకోమని, కాసేపటికి మళ్ళీ ఆటలో పడ్డారు. కొందరు తల్లి వచ్చినా తలెత్తకుండా బొమ్మలు సర్దుకుంటూ ఉండిపోయారు. వీళ్ళది ఎంత స్వతంత్రం అనిపిస్తుంది. కానీ 1970ల్లోనే వేరే పరిశోధకులు గుండె వేగం కొలిచి చూస్తే, పైకి నిమ్మకు నీరెత్తినట్టున్న ఆ పిల్లల గుండె కూడా గబగబా కొట్టుకుంటోందని తేలింది. తల్లి మీద భరోసా ఉన్న పిల్లలే గదంతా తిరిగి బొమ్మలు చూసివచ్చారు. 1987లో హేజన్, షేవర్ అనే పరిశోధకులు ఇదే ఆలోచనను పెద్దవాళ్ళ ప్రేమ బంధాలకు అన్వయించారు.

కాబట్టి గంట ముఖ్యం కాదు. గది నుంచి బయటికి వచ్చాక ఆయన మీ దగ్గరికి వస్తారా అన్నది చూడండి.

లెక్కల_మాష్టారు:
ఏడాది పిల్లల బొమ్మలాట తెచ్చి నలభై ఏళ్ళ కాపురాలు కొలుస్తారా? ఒక మగవాడు నోరు మూసుకుని ఓ గంట కూర్చుంటే వాడికి భయమో, లోపమో ఉన్నట్టేనా? మా తరంలో ఎవరూ ఇన్ని పేర్లు పెట్టలేదు. మా ఆవిడ ఏనాడూ అడగలేదు, మా కాపురానికి వచ్చిన లోటూ లేదు.

రాత్రి_డ్యూటీ:
అడగలేదా సార్, అడగడం మానేశారా?

లెక్కల_మాష్టారు:
మీరు హద్దు దాటుతున్నారు. పరిచయం లేని మనిషి ఇంటి విషయం మీకెందుకు?

కరీంనగర్_బిడ్డ:
ఇంటి విషయం ముందు తెచ్చింది మీరే సార్. రెండుసార్లు చెప్పారు, "ఏనాడూ అడగలేదు" అని. మా అమ్మ కూడా చివరికి అడగలేదు. బాపు పోయిన రోజు అమ్మ ఏడవలేదు. "ఈయన ఎప్పుడో పోయిండు బిడ్డా" అంది. మీరు గడియ గురించి మాట్లాడుతుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

హైదరాబాదీ_92:
అందరూ కాస్త శాంతించండి.

వేపచెట్టు_నీడ:
నా వల్ల మీరంతా గొడవ పడుతున్నారు. నేను మొదట్లోనే చెప్పాల్సింది ఒకటి దాచాను. ఫిబ్రవరిలో గుంటూరులో మా అమ్మకు ఆపరేషన్ అయింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వచ్చాను. స్టవ్ దగ్గర నిలబడి పాలు కాస్తుంటే ఏడుపు ఆగలేదు. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చారు, చూశారు. స్టవ్ కట్టేశారు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ రోజూ గంటే. అప్పటి నుంచి ఏడున్నర అవుతోందంటే నాకు టెన్షన్.

చిన్ని_వైజాగ్:
అయ్యో. ఇది ముందే చెప్పి ఉంటే నేను అలా రాసేదాన్ని కాదు. నా ఆదివారం నాకు కావాలి, కానీ ఇంట్లో ఎవరైనా ఏడుస్తుంటే చెప్పులు వేసుకుని వెళ్ళను.

సైకాలజీ_ఎమ్మెస్సీ:
స్టవ్ కట్టేశారు అన్నారు చూడండి. ఆయన చూడలేదని కాదు, చూసి ఏం చేయాలో తెలియలేదేమో.

కరీంనగర్_బిడ్డ:
తెలియకపోతే పక్కన నిలబడొచ్చు.

లెక్కల_మాష్టారు:
పొద్దున నుంచి ఈ పేజీ తెరిచి మూసి చేస్తున్నాను. గంట విషయంలో నా మాట మార్చుకోను. అలసిన మనిషికి అది కావాలి. ఫిబ్రవరి రాత్రి ఆయన చేసింది మాత్రం తప్పు.

రాత్రి డ్యూటీ అమ్మాయి అడిగిందానికి జవాబు: మా పెద్దమ్మాయికి టైఫాయిడ్ వచ్చిన వారం కూడా నేను కాలవ గట్టుకి వెళ్ళాను. మా ఆవిడ ఆ రోజు గుమ్మం దాకా వచ్చి "ఇవాళ కూడానా" అంది. అంటే ఒకసారి అడిగింది. ఆ తర్వాతే అడగలేదు.

రాత్రి_డ్యూటీ:
కటువుగా అన్నాను, క్షమించండి సార్. ఆ ప్రశ్న అడిగినందుకు కాదు.

వేపచెట్టు_నీడ:
ఇవాళ గంట గురించి అడగను. పాల రాత్రి గురించి అడుగుతాను. ఎనిమిదిన్నర దాకా ఆగనా, ఏడున్నరకే అడగనా?

కరీంనగర్_బిడ్డ:
ఎనిమిదిన్నరకే అడగండి అక్కా. పాపను పడుకోబెట్టే పని ముందు ఆయనకివ్వండి.