సర్వర్ మార్చాక సోప్ రెస్పాన్స్‌లో బాడీ దొరకట్లేదు (టైనీఎక్స్‌ఎమ్‌ఎల్-2 అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివే లైబ్రరీ)

కాటా_గుంటూరు:
అన్నలూ, మిర్చి యార్డులో ఒక కమీషన్ ఏజెంట్ గారికి కాటా పక్కన పెట్టే చిన్న బాక్స్ చేశాం, టిక్కీల (మిర్చి బస్తాల) తూకం సోప్‌లో (ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో సందేశాలు పంపుకునే పద్ధతి) సర్వర్‌కి పంపి రైతు పేరు, రేటు తెచ్చుకుంటది. మొన్నటిదాకా బానే ఉంది, సర్వీసు వాళ్లు జావా నుంచి డాట్‌నెట్‌కి మారారంట, అప్పట్నుంచి బాడీ ట్యాగ్ (అసలు సమాచారం ఉండే భాగం) అడిగితే నల్, అంటే ఏమీ లేదని వస్తోంది. అదే ఎక్స్‌ఎమ్‌ఎల్ బ్రౌజర్లో శుభ్రంగా తెరుచుకుంటోంది! పాతదాంట్లో ‘సోప్‌ఎన్వ్ కోలన్ బాడీ’, ఇప్పుడు ఉత్త ‘ఎస్ కోలన్ బాడీ’. అడిగితే మాది స్టాండర్డే అంటున్నారు. తప్పు వాళ్లదేగా?

బెజవాడ_కోడర్:
కాదు బ్రో, వాళ్లు చెప్పింది కరెక్టే. కోలన్ ముందు ఏ అక్షరాలైనా పెట్టుకోవచ్చు, డీఫాల్ట్ నేమ్‌స్పేస్ (ట్యాగ్ పేరు ఏ గుంపుకి చెందిందో చెప్పేది) ఇస్తే అసలు ప్రిఫిక్సే లేకపోయినా చెల్లుద్ది, 1999 నేమ్‌స్పేస్ స్పెక్ నుంచీ ఇదే రూలు. చూడాల్సింది ఎన్వలప్ ట్యాగ్‌లో (సందేశం మొత్తాన్ని చుట్టే పై ట్యాగ్) ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ పక్కనుండే యూఆర్‌ఐ (వెబ్ అడ్రస్‌లా ఉండే నేమ్‌స్పేస్ గుర్తు), పాత రెస్పాన్సూ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడు, రెండూ సోప్ 1.1 అయితే అక్షరం తేడా ఉండదు. టైనీఎక్స్‌ఎమ్‌ఎల్-2కి నేమ్‌స్పేస్ గొడవే తెలీదు, కోలన్‌తో సహా మొత్తం ఒకటే పేరు అనుకుంటది. ఎక్స్‌పాట్ అనే ఇంకో పార్సర్‌కి (ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివే లైబ్రరీ) మారు, దాన్ని పేరులో ఎన్‌ఎస్ ఉన్న క్రియేట్ ఫంక్షన్‌తో తెరిస్తే యూఆర్‌ఐ, పేరు కలిపి ఇస్తది.

పాత_సోప్_మనిషి:
సీజన్ మధ్యలో పార్సర్ మార్చమంటారేంటండీ బాబూ, యార్డు ఆగుద్దా? తమ్ముడూ, కోలన్ దాకా కోసేసి మిగతా పేరుతో పోల్చే చిన్న ఫంక్షన్ రాసుకో, ఇవాళ్టికి నడిచిపోద్ది. కాకపోతే హెడర్లో ఇంకో నేమ్‌స్పేస్ నుంచి అదే పేరుతో ట్యాగ్ వస్తే రెండూ ఒకటే అనుకుంటది, అందుకని ఎన్వలప్ కింద నేరుగా ఉన్న బాడీనే తీసుకో. వాళ్లు రేపు సోప్ 1.2కి వెళ్తే మాత్రం యూఆర్‌ఐ కూడా మారుద్ది, 2003/05 అని ఉంటది, కంటెంట్ టైప్ కూడా వేరే.

శ్రావ్య_ఎంబెడెడ్:
ఎక్స్‌పాట్‌కి వెళ్లేటప్పుడు ఒకటి చూసుకోండి, ట్యాగ్ లోపలి టెక్స్ట్ ఒకేసారి రాదు, ముక్కలుగా కూడా వస్తది. డాట్‌నెట్ వాళ్లు తెలుగు పేర్లని అంకెల ఎంటిటీలుగా పంపితే (‘త’ అంటే 3108) ‘వెంకటేశ్వర్లు’ కాస్తా చివరి కొమ్ము ‘ు’ ఒక్కటే అయ్యి కూర్చుంటది, ఎందుకంటే ప్రతి ముక్కా ముందుదాని మీద రాసేస్తారు చాలామంది. ఎండ్ ట్యాగ్ వచ్చేదాకా బఫర్‌కి (టెక్స్ట్ దాచుకునే మెమరీ చోటు) కలుపుతూ పోవాలి. బఫర్ సైజు కూడా అక్షరాలు లెక్కేసి పెట్టకండి, యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, ఒత్తూ గుణింతమూ విడివిడిగా లెక్క.

కాటా_గుంటూరు:
యూఆర్‌ఐ రెండిట్లో ఒకటేనన్నా, ఇప్పుడే చూశా. రేపటికి కోలన్ కోసేసి పంపిస్తా, ఎక్స్‌పాట్ సంగతి సీజన్ అయ్యాక. శ్రావ్య గారూ, బిల్లు మీద కొన్ని పేర్లు చివర్లో తెగి వస్తున్నాయి, అది ఈ బఫర్ సైజు వల్లే అయ్యుంటదా? మేం 32 బైట్లు పెట్టాం.

శ్రావ్య_ఎంబెడెడ్:
32 అంటే పది కోడ్‌లకే నిండిపోద్దండీ, ‘వెంకటేశ్వర్లు’కే 13 కోడ్‌లు కావాలి. ముందు అది పెంచండి.